16 కోర్ల ప్రాసెసర్ మీరే కట్టాలంటే: ముందు బోదెలు, తర్వాతే చేను

మీ దగ్గర ఒక చిన్న ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ని మనమే రాసుకోగల చిప్) బోర్డు ఉంది, సర్క్యూట్లు రాసే భాష వెరిలాగ్ కాస్త వచ్చు, కాలేజీ ల్యాబులో కౌంటర్లూ యూఆర్టూ (కంప్యూటర్‌తో మాట్లాడే సీరియల్ పోర్టు) రాసి ఉన్నారు, ఇప్పుడు పదహారు కోర్లు (లెక్క చేసే యూనిట్లు) పక్కపక్కన పేర్చి ఒకే లెక్కని పంచి చేయించాలనుంది. మంచి కోరికే. కాకపోతే కోర్ రాయడంతో మొదలుపెట్టకండి. నేను అలాగే మొదలుపెట్టి రెండు నెలలు పోగొట్టుకున్నాను. కోర్ బ్రహ్మాండంగా వచ్చింది, దానికి డేటా తెచ్చిపెట్టే దారే లేదు. కాలవ ఎక్కడుందో చూసుకోకుండా చేను కొన్నట్టయింది.

మాది కోనసీమ, కొత్తపేట దగ్గర. ఇక్కడ పుట్టినవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు నిజానికి. బొబ్బర్లంక దగ్గర మొదలైన కాలవ లొల్ల లాకుల దగ్గర చీలి, చీలినవి మళ్లీ చీలి, మన చేలో పడే బోదె దాకా వచ్చేసరికి ఎవరి వంతు ఎప్పుడు, ఎవరి తూము ఎంత తెరవాలి అన్నదే సగం వ్యవసాయం. దుక్కి దున్నడం అందరికీ వచ్చు. చిప్ లోపల కూడా అంతే. కూడికలు, గుణకారాలు చవక. వాటి దగ్గరికి అంకెల్ని మోసుకు రావడమే ఖర్చు. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హోరోవిట్జ్ 2014లో చెప్పిన లెక్కలు ఇప్పటికీ అందరూ వాడతారు: 45 నానోమీటర్ చిప్‌లో 32 బిట్ల కూడికకి 0.1 పికోజౌల్ (జౌల్‌లో లక్ష కోట్లో వంతు శక్తి) అయితే, చిప్ బయటి డీర్యామ్ మెమరీ నుంచి 64 బిట్లు తేవడానికి 1300 నుంచి 2600 పికోజౌల్స్. ఈ రెండంకెలూ కాగితం మీద రాసి టేబుల్ ఎదురుగా అంటించుకోండి. నేను అంటించుకున్నాను.

మొదటి పని: లెక్క ఎంచుకోండి

"హై పెర్ఫార్మెన్స్ ప్రాసెసర్ చేస్తున్నాను" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, మీతో సహా. ఏ లెక్క కోసం అన్నది ముందు తేల్చండి. నేను తీసుకున్నది పల్లం నేల మీద నీరు సర్దుకోవడం. అసలు వరద మోడల్ కాదు, దానికి తమ్ముడి వరస: నేలని గళ్లుగా కోసి, ప్రతి గడిలో నీటి ఎత్తు ఒక 16 బిట్ల అంకెగా పెట్టుకుని, ప్రతి అడుగులో ఒక్కో గడికీ నాలుగు పక్కల విలువలు కూడి, అందులోంచి మధ్య విలువకి నాలుగు రెట్లు తీసేసి, మిగిలినదాన్ని ఒక గుణకంతో గుణించి మధ్య విలువకి కలపడం. డిఫ్యూజన్ అంటారు దీన్ని, వేడి పాకడానికైనా ఇదే లెక్క. దీని అందం ఏమిటంటే ప్రతి గడికీ పక్క గడులతో తప్ప దూరం వాళ్లతో పని లేదు, కాబట్టి నేలని ముక్కలు చేసి పంచేయొచ్చు.

మీ లెక్క ఇలా పంచడానికి రాకపోతే ఇక్కడే ఆగి ఇంకొకటి వెతుక్కోండి. కంప్యూటర్ ఇంజనీర్ జీన్ ఆమ్‌డాల్ 1967లో చెప్పినదే: పనిలో 5 శాతం ఒక్కడే చేయాల్సి వస్తే, మిగతా 95 శాతాన్ని పదహారుగురు పంచుకున్నా మీకొచ్చే వేగం 9 రెట్లకి కాస్త ఎక్కువ, అంతే. వెయ్యి మందిని పెట్టినా 20 రెట్లు దాటదు.

రెండో పని: కాగితం మీద బడ్జెట్

ఇది విసుగు పని, కానీ ఇక్కడ ఒక సాయంత్రం కూర్చుంటే తర్వాత వారాలు మిగులుతాయి. నేను వాడింది ట్యాంగ్ నానో 20కె బోర్డు. దాని మీదున్న గోవిన్ చిప్‌లో 20,736 లట్లు (లాజిక్ కట్టుకునే చిన్న ఇటుకలు), 46 బ్లాక్ ర్యామ్‌లు (చిప్ లోపలి చిన్న మెమరీ ముక్కలు), 48 గుణకార యూనిట్లు ఉంటాయి, చిప్‌తో పాటే 64 మెగాబిట్ల ఎస్‌డీర్యామ్ (విడిగా ఉండే పెద్ద మెమరీ) కూడా. యోసిస్ (వెరిలాగ్‌ని లట్లుగా మార్చేది), నెక్స్ట్‌పీఎన్‌ఆర్ (వాటిని చిప్‌లో పేర్చి వైర్లు కలిపేది) లాంటి ఉచిత టూల్స్‌తోనే పని అయిపోతుంది, లైసెన్సు టెన్షన్ లేదు.

పదహారుకి పంచండి. టైల్‌కి (ఒక కోర్, దాని మెమరీ, పక్కవాళ్లకి దారి, ఇదంతా కలిపి టైల్) 1296 లట్లు. అందులో పావు వంతు ఖాళీగా వదలాలి, లేకపోతే చివర్లో వైర్లు పట్టక టూల్ ఏడుస్తుంది. అంటే తొమ్మిదొందల పైచిలుకు. గుణకారాలు టైల్‌కి మూడు. బ్లాక్ ర్యామ్‌లు మూడు కూడా రావు, 46 ని 16 తో భాగించి చూడండి.

ఇప్పుడు కోర్ సంగతి. పికోఆర్‌వీ32 అనే రిస్క్-ఫైవ్ (ఎవరైనా ఉచితంగా వాడుకోగల ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్ల పద్ధతి) కోర్ చాలామందికి తెలుసు, చిన్నదే, కానీ చిన్న సైజులో కూడా ఆరు ఇన్‌పుట్ల లట్లున్న జైలింక్స్ కంపెనీ చిప్‌లో 750 పైనే తీసుకుంటుంది. మన చిప్‌లో లట్లకి నాలుగే ఇన్‌పుట్లు, కాబట్టి ఇంకా ఉబ్బుతుంది. పదహారు పట్టవు. మరి సెర్వ్ అనే ఇంకో రిస్క్-ఫైవ్ కోర్? అది ఒక్కో బిట్‌నే లెక్కపెట్టే కోర్, రెండొందల లట్ల చుట్టుపక్కల్లో ఇమిడిపోతుంది, పదహారేంటి ఇంకా ఎక్కువే పడతాయి. నేనూ ఎగిరి గంతేశాను. కానీ ఆగి లెక్కేయండి. సెర్వ్‌కి ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌కి కనీసం 32 క్లాకులు (చిప్ గడియారపు టిక్కులు). పికోఆర్‌వీ32 సగటున నాలుగు క్లాకులకి ఒకటి కానిస్తుంది. పదహారు సెర్వ్‌లు కలిసి క్లాక్‌కి అర ఇన్‌స్ట్రక్షన్, ఒక్క పికోఆర్‌వీ32 పావు. పదహారు మందిని పెట్టుకుని రెట్టింపు పని! కోర్ల సంఖ్య చెప్పి మురిసిపోయేవాళ్లు ఎదురైతే క్లాక్‌కి ఎంత పని జరుగుతోందని అడగండి.

ఇక మెమరీ. నా మొదటి ప్లాను: టైల్‌కి 32×32 గడులు. 1024 అంకెలు, ఒక్కోటి 16 బిట్లు, సరిగ్గా ఒక బ్లాక్ ర్యామ్. పాత విలువలు ఒకదాంట్లో, కొత్తవి ఇంకోదాంట్లో రాయాలి కాబట్టి రెండు. ప్రోగ్రాముకి మరొకటి. మొత్తం మూడు, పదహారు టైల్స్‌కి 48. చిప్‌లో ఉన్నవి 46. రెండంటే రెండు తక్కువ! నేనీ లెక్క ముందే వేసుకోలేదు, అంతా రాసేసి రాత్రి పదకొండింటికి బిల్డ్ పెడితే టూల్ ఒక్క లైనులో చెప్పి ఊరుకుంది. పెళ్లికి విస్తళ్లన్నీ వేశాక ఇద్దరికి చోటు లేదని తెలిసినట్టుంటుంది, ఎవర్ని లేపుతాం?

మూడో పని: కూలీలూ మేస్త్రీ

దారి దొరికింది మాత్రం ఆ తక్కువ పడిన రెండింటి వల్లే. ప్రతి టైల్‌కీ సొంతంగా ప్రోగ్రాము నడిపే కోర్ ఎందుకు? ఊడుపుల్లో ప్రతి మనిషి వెనకా ఒక మేస్త్రి ఉండడు కదా. నాలుగు టైల్స్‌కి ఒక సెర్వ్ మేస్త్రిగా పెట్టండి. అసలు లెక్క చేసేది టైల్‌లో ఉన్న ఒక చిన్న డేటాపాత్ (అంకెలు నడిచే లెక్క దారి): కొన్ని కూడిక యూనిట్లు, మూడు గుణకారాలు, వాటి మధ్య స్విచ్చులు. మేస్త్రి పని ఆ స్విచ్చులు ఎలా ఉండాలో చెప్పి "కానివ్వండి" అనడమే.

ఇప్పుడు లెక్క మళ్లీ వేయండి. టైల్స్‌కి 16 × 2 = 32 బ్లాకులు. నలుగురు మేస్త్రీలకి ప్రోగ్రాముకి ఒకటి, రిజిస్టర్లకి (ఒక్కో అంకె పట్టే గదులకి) ఒకటి, మొత్తం 8. అన్నీ కలిపి 40. ఆరు మిగిలాయి, యూఆర్ట్ బఫర్లకీ డీబగ్‌కీ పనికొస్తాయి.

ఇలా చేస్తే వీటిని కోర్లు అనొచ్చా అని ఎవరైనా వాదానికి దిగొచ్చు. దిగనివ్వండి. గ్రాఫిక్స్ కార్డుల డబ్బాల మీద వేలల్లో కోర్లని రాసేది కూడా చాలావరకు ఇలాంటి లెక్క యూనిట్లనే. ఇంటెల్ 2007లో చూపించిన 80 కోర్ల ప్రయోగాత్మక చిప్ తెలుసుగా, 3.16 గిగాహెర్ట్జ్ దగ్గర 62 వాట్లతో టెరాఫ్లాప్ (సెకనుకి లక్ష కోట్ల లెక్కలు) కొట్టింది, దానిలో కూడా ఒక్కో టైల్‌కి ఉన్నది రెండు గుణకార-కూడిక యూనిట్లు, 3 కిలోబైట్ల ప్రోగ్రామ్ మెమరీ, 2 కిలోబైట్ల డేటా మెమరీ, ఒక రౌటర్ (డేటాని ఎటు పంపాలో చూసే కూడలి). మన టైల్‌కీ దానికీ చుట్టరికం ఉందన్నమాట.

నాలుగో పని: మార్చుకునే వీలు ఏ స్థాయిలో?

రీకాన్ఫిగరబుల్ అన్న మాట మూడు రకాలుగా వాడతారు, మూడింటికీ ఖర్చు వేరు. చిప్ మొత్తానికి కొత్త బిట్‌స్ట్రీమ్ (సర్క్యూట్ ఎలా ఉండాలో చెప్పే ఫైల్) ఎక్కించడం ఒకటి, అది పని మధ్యలో చేసేది కాదు. చిప్‌లో ఒక ముక్కని మాత్రమే, మిగతాది నడుస్తుండగానే మార్చడం రెండోది. జైలింక్స్ చిప్‌లలో దీనికి ఐక్యాప్ అనే ద్వారం ఉంది, 32 బిట్ల వెడల్పు, 100 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకి 400 మెగాబైట్లు. 400 కిలోబైట్ల ముక్కని మార్చాలంటే ఒక మిల్లీసెకను. తక్కువే అనిపిస్తుంది గానీ 54 మెగాహెర్ట్జ్‌లో నడిచే డిజైన్‌కి అది 54,000 క్లాకులు, ఆ సమయంలో మన గ్రిడ్ 47 అడుగులు ముందుకెళ్లిపోతుంది. గంటకోసారి మార్చేవాళ్లకి పర్లేదు.

మూడోది, మనం వాడేది: దారులన్నీ ముందే ఉంటాయి, ఏది ఎటు తిరగాలో ఒక రిజిస్టర్ చెబుతుంది. తూము తలుపు ఎత్తడం, దించడం. కాలవ మళ్లీ తవ్వక్కర్లేదు. ఒక్క క్లాకులో మారిపోతుంది.

నా కాన్ఫిగరేషన్ పదం 32 బిట్లు, అది ఇలా పంచుకున్నాను. మోడ్‌కి 3 బిట్లు (డిఫ్యూజన్, వరస గుణకారం, గరిష్ఠం వెతకడం వగైరా), గుణకానికి 16, గుణించాక కుడివైపుకి ఎన్ని బిట్లు జరపాలో 4, వరస పొడవుకి 5, ఏ ఏ వైపుల పొరుగువాళ్లున్నారో చెప్పడానికి 4. కూడితే సరిగ్గా 32. ఆ చివరి నాలుగు బిట్లే మూలన ఉన్న టైల్‌కీ మధ్యనున్న టైల్‌కీ తేడా చూపిస్తాయి, వెరిలాగ్ మాత్రం అందరికీ ఒకటే.

రెండు జాగ్రత్తలు. ఒకటి, ఎన్ని అడుగులు వేయాలన్నది వేరే రిజిస్టర్‌లో ఒకేసారి చెప్పేయండి. సెర్వ్ నెమ్మది మేస్త్రి, మన గ్రిడ్ ఒక్క అడుగు వేసే 1144 క్లాకుల్లో (ఈ అంకె కిందనే వస్తుంది) అది చేయగలిగేది మహా అయితే 35 ఇన్‌స్ట్రక్షన్లు, నాలుగు టైల్స్‌కి పంచితే మనిషికి తొమ్మిది కూడా రావు. ప్రతి తట్టకీ వచ్చి పురమాయించాలంటే పని సాగదు. రెండు, కాన్ఫిగరేషన్ రిజిస్టర్లు రెండేసి పెట్టండి: ఒకటి నడుస్తుంటే రెండోదాంట్లో తర్వాతి పని రాసి ఉంచుకోవచ్చు. కానీ మార్చే క్షణం దగ్గర చూసుకోండి. డేటాపాత్‌లో నాలుగైదు అంకెలు ఇంకా దారిలో ఉండగా గుణకం మారిపోతే, సగం పాత గుణకంతో సగం కొత్తదాంతో లెక్కయిన గడులు పుడతాయి. నాకు ప్రతి మార్పు దగ్గరా ఒకే చోట నాలుగు గడులు తప్పు వచ్చేవి. దారి ఖాళీ అయ్యాక మార్చేలా చేస్తే పోయింది. దీనికి ఇంకా తెలివైన పద్ధతులున్నాయి, నాలుగు క్లాకుల కోసం అంత అక్కర్లేదు.

ఐదో పని: గట్ల మీద ఇచ్చిపుచ్చుకోవడం

ప్రతి టైల్‌కీ తన చేనుతో పాటు పక్కవాళ్ల అంచు విలువలు కావాలి. వాటికి చోటెక్కడ? 32×32 లో చుట్టూ ఒక వరస వదిలేయండి, గట్టు లాగా. సొంత సాగు 30×30. గట్టు మీద పొరుగువాళ్లు తమ అంచు విలువలు తెచ్చి పెడతారు. మొత్తం గ్రిడ్ 120×120 అవుతుంది. ఒక అడుగుకి టైల్ తన మెమరీ అంతా ఒకసారి చదవాలి, క్లాక్‌కి ఒక గడి చొప్పున 1024. అంచులు నాలుగు వైపులా పంపడానికి 30 × 4 = 120. మొత్తం 1144 క్లాకులు, అందులో పనికొచ్చే గడులు 900. వందకి 78 పైన. అదే టైల్‌ని 16×16 చేస్తే? సాగు 196, ఖర్చు 256 + 56 = 312 క్లాకులు, వందకి 63 దగ్గర. చిన్న కమతాల్లో గట్లకే నేల పోతుందని మా నాన్న సణిగేవాడు, అదే ఇది. టైల్ ఎంత పెద్దదైతే అంత మంచిది, మెమరీ ఉన్నంతవరకు.

పక్కపక్క టైల్స్ మధ్య నేరుగా వైర్లు వేసి, మధ్యలో ఎనిమిది అంకెలు పట్టే చిన్న ఫైఫో (ముందొచ్చినది ముందు బయటికి పోయే క్యూ) పెట్టండి. ఈ లెక్కకి రౌటర్ కూడా అక్కర్లేదు.

ఇక్కడే నేను పడ్డ గొయ్యి చెబుతాను. నా టైల్ మొదట నాలుగు వైపులా అంచులు పంపేసి, ఆ తర్వాత నాలుగు వైపుల నుంచి తీసుకునేది. చదవడానికి సబబుగానే ఉంది కదా. టెస్టు తొందరగా అవ్వాలని 8×8 టైల్స్‌తో సిమ్యులేట్ చేశాను, అంచుకి ఆరు అంకెలు, ఫైఫోలో ఎనిమిది పడతాయి, అన్నీ సాఫీగా వెళ్లాయి. 32×32 పెట్టాను. మొదటి అడుగులోనే అంతా బిగుసుకుపోయింది. సిగ్నళ్లని గీతలుగా చూపించే జీటీకేవేవ్‌లో తరంగాలు చూస్తే పదహారు టైల్స్‌వీ పంపే గీతలు అలా పైకెత్తి ఉన్నాయి, తీసుకునే గీతలు అడుగున చదునుగా, కుడివైపు చివరిదాకా ఒక్క కదలిక లేదు. ముప్పై అంకెలు పంపాలి, ఎనిమిది వెళ్లాక ఫైఫో నిండింది, అవతలివాడు తీసుకుంటే గానీ తొమ్మిదోది వెళ్లదు, అవతలివాడు కూడా తను పంపడం అయ్యాకే తీసుకుంటానని కూర్చున్నాడు. మాసూళ్లప్పుడు కాలవగట్టు రోడ్డు మీద ధాన్యం ట్రాక్టర్లు రెండు ఎదురుపడితే చూశారా, నువ్వు వెనక్కి తియ్యంటే నువ్వు తియ్యని అలాగే ఆగిపోతాయి, వెనకాల మోటారు సైకిళ్లన్నీ చేరాక ఇక ఎవరు తీద్దామన్నా చోటుండదు. అచ్చం అదే.

విరుగుడు రెండు విధాలు. చదరంగం బల్లలాగా నల్ల గడి టైల్స్ పంపుతుంటే తెల్ల గడి టైల్స్ తీసుకోవడం, తర్వాత తిరగేయడం. పని చేస్తుంది గానీ 120 క్లాకులు 240 అవుతాయి. రెండోది, పంపే యంత్రాంగం వేరు, తీసుకునేది వేరు చేసి, రెండూ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా నడపడం. బ్లాక్ ర్యామ్‌కి రెండు ద్వారాలుంటాయి కాబట్టి ఒకదాంట్లో చదివి పంపుతూ, ఇంకోదాంట్లో వచ్చినవి రాసుకోవచ్చు. ఇదే చేయండి. ఫైఫో లోతు పెంచి "సరిపోయింది" అనుకోకండి. అది జబ్బుని దాచడం, రేపు టైల్ సైజు మారితే మళ్లీ పట్టుకుంటుంది.

మీ లెక్కకి దూరం టైల్స్‌తో కూడా మాట్లాడే అవసరం ఉంటే రౌటర్ తప్పదు. అప్పుడు నియమం ఒక్కటి: ముందు అడ్డంగా వెళ్లాల్సినంత వెళ్లి, తర్వాతే నిలువుగా తిరగాలి, నిలువు నుంచి మళ్లీ అడ్డానికి తిరగకూడదు. ఆ ఒక్క మలుపు నిషేధిస్తే మెష్‌లో (టైల్స్ మధ్య అడ్డం నిలువు దారుల వలలో) డేటా ప్యాకెట్లు గుండ్రంగా ఒకదాన్నొకటి పట్టుకుని ఆగిపోవడమనేది జరగదు, ఎందుకంటే చుట్టు పూర్తవ్వాలంటే ఆ మలుపు ఉండి తీరాలి. ఎక్స్‌వై రౌటింగ్ అంటారు. ఇంతకంటే తెలివైన రౌటింగ్ జోలికి మొదటి డిజైన్‌లో వెళ్లకండి.

ఆరో పని: శివారు చేలకి నీళ్లు

గ్రిడ్ మొత్తం చిప్‌లో పట్టినంతకాలం ఎస్‌డీర్యామ్‌తో మొదట నింపడానికీ చివర తీయడానికీ తప్ప పని లేదు. 54 మెగాహెర్ట్జ్‌లో 32 బిట్ల ఎస్‌డీర్యామ్ నుంచి సెకనుకి మహా అయితే 216 మెగాబైట్లు వస్తాయి. మన పదహారు టైల్స్ చదవడానికే 1728 మెగాబైట్లు కావాలి. ఎనిమిది రెట్లు తేడా. గ్రిడ్ పెద్దదై ప్రతి అడుగుకీ ఎస్‌డీర్యామ్‌ని ముట్టాల్సొస్తే మీ పదహారు టైల్స్ రెండింటిలా పనిచేస్తాయి. అలాంటప్పుడు తెచ్చిన ముక్క మీద ఒక అడుగు కాకుండా నాలుగైదు అడుగులు వేసి గానీ వెనక్కి పంపకూడదు. గట్టు వెడల్పు పెంచుకోవాలి అందుకు. అది వేరే కథ.

సరే, ఎస్‌డీర్యామ్ ముట్టక తప్పదనుకుందాం. అది మెష్‌కి ఎడమ అంచున ఉంది, ఒక వరసలో నాలుగు టైల్స్ ఒకే దారిలో తమ డేటా దాని దగ్గరికి పంపుతున్నాయి. ప్రతి రౌటర్ దగ్గరా "నాదొకటి, వెనకనుంచి వచ్చింది ఒకటి" అని వంతులు వేశాం, ఎంత న్యాయంగా ఉంది! ఇప్పుడు లెక్కేయండి. మెమరీ పక్కనున్న టైల్ దారిలో సగం తనే తీసుకుంది. మిగిలిన సగంలో సగం, అంటే పావు, రెండోదానికి. మిగతా పావుని మూడోదీ నాలుగోదీ చెరి సగం, తలా ఎనిమిదో వంతు. ఎవరూ అన్యాయం చేయలేదు, ప్రతి చోటా సమానంగానే పంచారు, అయినా తల దగ్గరవాడికి సగం, శివారువాడికి ఎనిమిదో వంతు.

దాళ్వాలో శివారు భూములకి నీరందక పోవడం ఎప్పుడైనా చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. అక్కడ చేసే ఉపాయమే ఇక్కడా: వంతులు పెట్టడం. ప్రతి తూము దగ్గర పంచడం మాని, మొత్తం వరసకి ఒకే లెక్కన రోజులు కేటాయించడం. చిప్‌లో దీనికి కావాల్సింది రెండు బిట్ల కౌంటర్, అంతే. 0 అయితే మొదటి టైల్, 1 అయితే రెండోది, అలా. తనకి వంతు లేనప్పుడు ఎవరూ దారిలోకి రాకూడదు. ఎవరికైనా పంపడానికి ఏమీ లేకపోతే ఆ వంతు వృథా అవుతుంది, నిజమే. అలా వృథా కాకూడదంటే ప్రతి ప్యాకెట్‌కీ వయసు రాసి, రౌటర్ దగ్గర ముసలిదాన్ని ముందు వదలొచ్చు, కానీ ఆ వయసు పోల్చే లాజిక్ ప్రతి రౌటర్‌లోనూ లట్లు తింటుంది. నాకున్న తొమ్మిదొందల్లో అంత సరదా కుదరలేదు, కౌంటరే పెట్టాను.

ఒక మాట ఒప్పుకోవాలి. అందరూ సమానంగా ఒకసారి మాత్రమే పంపితే మొత్తం పని పూర్తయ్యే సమయం ఏ పద్ధతిలోనైనా ఒకటే, ఎందుకంటే మెమరీ దగ్గర దారి ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. దెబ్బ తగిలేది ఆగకుండా పంపుతూ ఉన్నప్పుడు. తల టైల్ ముందుకెళ్లిపోయి, శివారు టైల్ అంచు విలువల కోసం మధ్యవాళ్లు ఎదురుచూస్తూ ఉంటారు.

ఏడో పని: సరిచూసుకోవడం

బోర్డు మీదికి వెళ్లేముందు వెరిలేటర్‌తో సిమ్యులేట్ చేయండి. అది వెరిలాగ్‌ని సీ++ గా మార్చి నడుపుతుంది. పక్కనే అదే లెక్క సీ లో ఇరవై లైన్లు రాసి, ప్రతి అడుగు తర్వాతా 14,400 గడులూ బిట్ బిట్‌కీ పోల్చండి. "దాదాపు కలిసింది" అంటే కలవలేదనే.

కలవకపోతే మొదట చూడాల్సినవి రెండు. వెరిలాగ్‌లో మూడు బాణాల షిఫ్ట్ (>>>, బిట్లని కుడివైపుకి జరిపేది) వాడినా, ఆ విలువ సైన్డ్ (రుణ సంఖ్య కూడా కావచ్చు) అని ప్రకటించకపోతే రుణ సంఖ్యకి ముందు సున్నాలు వచ్చి పడతాయి, నీరు తగ్గాల్సిన గడిలో ఒక్కసారిగా ఏనుగంత అంకె కనిపిస్తుంది. ఇది వెంటనే దొరుకుతుంది. రెండోది దొరకదు: సీ లో 16 తో భాగిస్తే రుణ సంఖ్యలు సున్నా వైపుకి కోతపడతాయి, హార్డ్‌వేర్‌లో నాలుగు బిట్లు జరిపితే కిందివైపుకి. మైనస్ 1 ని భాగిస్తే అక్కడ 0, ఇక్కడ మైనస్ 1. ఒక్క అంకె తేడా, అక్కడక్కడ, నెమ్మదిగా పాకుతుంది. నేను రెండు రోజులు ఫైఫోలని అనుమానించాను, పాపం వాటి తప్పేమీ లేదు.

చివరిగా బోర్డు మీద

బోర్డు మీద క్రిస్టల్ 27 మెగాహెర్ట్జ్, పీఎల్ఎల్‌తో (క్లాకు వేగం మార్చే భాగం) రెట్టింపు చేసి 54 పెట్టుకోండి. టైమింగ్ (సిగ్నళ్లు ఒక్క క్లాకులోపు చేరడం) కొద్దిలో తప్పితే డిజైన్ మార్చడానికి తొందరపడకుండా నెక్స్ట్‌పీఎన్‌ఆర్‌కి వేరే వేరే సీడ్లిచ్చి (పేర్పు ఎలా మొదలుపెట్టాలో తేల్చే అంకెలు) రాత్రి నడవనివ్వండి, పొద్దున్నకి ఒకటి కుదిరి ఉంటుంది. కుదరకపోతే అప్పుడు గుణకారం తర్వాత ఒక రిజిస్టర్ వేయండి. మా వైపు ఎండాకాలం రాత్రుళ్లు కరెంటు నమ్మేలా ఉండదు, కాబట్టి ఒక్కో సీడ్ ఫలితం ఒక్కో ఫైల్‌లో రాసేలా చిన్న స్క్రిప్టు పెట్టుకుని పడుకోండి. నేను మొదటిసారి అన్నీ ఒకే ఫైల్ మీద రాయించి, తెల్లవారి చూస్తే సగం రాసిన ఫైల్ ఒకటే మిగిలింది.

అన్నీ కుదిరితే క్లాక్‌కి 16 గడులు, 54 మెగాహెర్ట్జ్, అందులో 78 శాతం పైన: సెకనుకి 68 కోట్ల గడులు. బావుంది కదా. ఇప్పుడు మీ లాప్‌టాప్‌లో అదే సీ ప్రోగ్రాముని కంపైలర్ ఆప్టిమైజేషన్ పెట్టి నడపండి. అది గెలుస్తుంది, నాకైతే బాగానే గెలిచింది. గ్రిడ్ అంతా దాని క్యాష్‌లో (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీలో) పట్టేస్తుంది, పైగా ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో పదహారు 16 బిట్ల అంకెలు కూడగలదు, క్లాకు మనకి యాభై రెట్లు. మీ ఫ్రెండ్స్ ఈ మాట అడుగుతారు, ముందే తెలిసుంటే మంచిది. ఫోన్ ఛార్జర్ మీద నడిచే బోర్డు అది, ఫ్యాను తిరగకుండా ఆ పని చేస్తోంది. పోల్చాలంటే గోడ సాకెట్‌కి పవర్ మీటర్ పెట్టి గడికి ఎన్ని జౌల్స్ అయ్యాయో పోల్చండి, నా తర్వాతి పని కూడా అదే, మీటర్ ఆర్డర్ పెట్టాను.